న్యూయార్క్ సభలో మన విశాఖ అమ్మాయి

విశాఖలోని మా మల్కాపురంలో తెల్లవారడమంటే షిఫ్టుల సందడి. రిఫైనరీకి, షిప్ యార్డుకి, డాక్ యార్డుకి వెళ్ళే బళ్ళు సింధియా రోడ్డు మీద బారులు తీరతాయి. టీ కొట్ల దగ్గర పాలు పొంగుతుంటాయి. 2024 నవంబర్ 26, మంగళవారం పొద్దున కూడా అలాగే తెల్లారింది. న్యూయార్క్‌లో మాత్రం అప్పటికింకా సోమవారం రాత్రే. ఆ నెలలో మనం వాళ్ళకంటే పదిన్నర గంటలు ముందుంటాం. అక్కడ 52వ అంతర్జాతీయ ఎమ్మీ అవార్డుల సభ జరుగుతోంది.

పక్కింటి పిన్ని ముగ్గు పెట్టి లేస్తూ, ఫోన్ చూసుకుంటున్న నన్ను అడిగింది: "ఏటి బాబూ, మనమ్మాయి సీరియల్‌కి వచ్చిందా?"

రాలేదు. ఉత్తమ డ్రామా సిరీస్ అవార్డు ఫ్రాన్స్ తరఫున వచ్చిన 'డ్రాప్స్ ఆఫ్ గాడ్' పట్టుకెళ్ళింది. ద్రాక్షసారాయి రుచుల చుట్టూ తిరిగే జపాన్ బొమ్మల కథ దానికి మూలం. ఆ ఏడాది మన దేశం నుంచి నామినేషన్ అందుకున్నది ఒక్కటే, 'ది నైట్ మేనేజర్'. అందులో కావేరి పాత్ర వేసింది శోభిత ధూళిపాళ. పిన్ని "మనమ్మాయి" అన్నది ఆమెనే.

*

శోభిత పుట్టింది తెనాలిలో, పెరిగింది విశాఖలో. లిటిల్ ఏంజెల్స్ స్కూల్లోనూ, విశాఖ వ్యాలీ స్కూల్లోనూ చదివింది. తండ్రి మర్చంట్ నేవీలో మెరైన్ ఇంజనీరు, తల్లి టీచరు. మా వైపు ఇలాంటి ఇళ్ళు ఎన్నో. "మీ నాన్నగారేరీ?" అని అడిగితే "షిప్పుకెళ్ళారు" అని చెప్పే పిల్లల మధ్యే మేమూ పెరిగాం. నెలల తరబడి సముద్రం మీద ఉండే తండ్రి, ఇల్లంతా నెట్టుకొచ్చే తల్లి, తీరా ఓడ దిగొచ్చినరోజు పండగ. అందుకే ఆ అమ్మాయి ఎవరో తెలియకపోయినా ఆ ఇల్లు మాకు తెలుసనిపిస్తుంది.

చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. 2010లో నేవీ బాల్‌లో నేవీ క్వీన్ కిరీటం దక్కింది. 2013లో మిస్ ఇండియా ఎర్త్. 2016లో 'రామన్ రాఘవ్ 2.0'తో హిందీ తెర మీదికి, 2018లో 'గూఢచారి'తో తెలుగు తెర మీదికి వచ్చింది. న్యూయార్క్ సభ నవంబర్ 25న జరిగితే, సరిగ్గా తొమ్మిది రోజులకు, డిసెంబర్ 4న, హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో నాగచైతన్యతో ఆమె పెళ్ళయింది. మన పత్రికలు పెళ్ళి చీర గురించి పేజీలకు పేజీలు రాశాయి. ఎమ్మీ నామినేషన్ ముచ్చట అంతగా కనపడలేదు. నాకు ఇప్పటికీ ఆ వెలితి ఉంది.

*

ఎమ్మీ ఆమె పక్కనుంచి వెళ్ళడం అదే మొదటిసారి కాదు. 'మేడ్ ఇన్ హెవెన్' (2019) గుర్తుందా? ఢిల్లీ పెద్దిళ్ళ పెళ్ళిళ్ళు చేయించే ఇద్దరి కథ. ఒకరు శోభిత వేసిన తార, రెండోవారు అర్జున్ మాథుర్ వేసిన కరణ్. ఆ పాత్రకే అర్జున్ 2020లో ఉత్తమ నటుడి విభాగంలో నామినేట్ అయ్యాడు. అందులో తార భర్తగా వేసిన జిమ్ సర్భ్, 'రాకెట్ బాయ్స్'లో హోమీ భాభా పాత్రకు 2023లో అదే విభాగంలో నామినేట్ అయ్యాడు. అంటే కథలో ఆమె వ్యాపార భాగస్వామి ఒకసారి, భర్త మరోసారి, చివరికి 2024లో ఆమె నటించిన సిరీసే!

జిమ్ సర్భ్ మీద గెలిచింది 'ది రెస్పాండర్' నటుడు మార్టిన్ ఫ్రీమన్. అర్జున్ మాథుర్ మీద గెలిచిందెవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. బిల్లీ బారట్ అనే పదమూడేళ్ళ బ్రిటిష్ కుర్రాడు. 'రెస్పాన్సిబుల్ చైల్డ్' అనే టీవీ చిత్రంలో హత్యకేసులో బోనెక్కిన పిల్లాడి పాత్ర అతనిది. అదే రాత్రి ఉత్తమ నటి అవార్డు అందుకున్నది గ్లెండా జాక్సన్. మతిమరుపు కమ్ముకొస్తున్న ముసలావిడగా 'ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్'లో నటించింది. ఆమెకు అప్పుడు 84 ఏళ్ళు. నటన నుంచి రాజకీయాల్లోకెళ్ళి, ఇరవైమూడేళ్ళు బ్రిటిష్ పార్లమెంటులో కూర్చుని, తిరిగి నటనకొచ్చిన మనిషి. పదమూడేళ్ళ పిల్లాడూ ఎనభైనాలుగేళ్ళ పెద్దావిడా ఒకే రాత్రి గెలిచిన సభ అది. బ్రెజిల్ నటి ఫెర్నాండా మోంటెనెగ్రో 2013లో ఉత్తమ నటిగా గెలిచినప్పుడూ వయసు 84 ఏళ్ళే.

*

ఇంతకీ ఎమ్మీ అంటే ఏమిటి? సినిమాకి ఆస్కార్ ఎలాగో టీవీకి ఎమ్మీ అలాగ. పేరు మాత్రం ఏ అమ్మాయిదీ కాదు. పాతకాలపు టీవీ కెమెరాల్లో ఇమేజ్ ఆర్థికాన్ అనే గొట్టం ఉండేది. దాన్ని ఇంజనీర్లు ముద్దుగా 'ఇమ్మీ' అనేవారు. అదే 'ఎమ్మీ' అయింది. మొదట 'ఐక్' అని పెడదామనుకున్నారట. అది ఐకనోస్కోప్ అనే మరో గొట్టానికి పొట్టిపేరు. కానీ జనరల్ ఐసెన్‌హోవర్‌ని అప్పటికే అందరూ 'ఐక్' అని పిలుస్తున్నారని మానుకున్నారు.

బొమ్మ కథ ఇంకా బాగుంటుంది. వచ్చిన 47 నమూనాలను కాదన్నాక, లూయిస్ మెక్‌మానస్ అనే టీవీ ఇంజనీరు గీసింది ఒప్పుకున్నారు. రెక్కలున్న స్త్రీ, చేతుల్లో పరమాణువు. రెక్కలు కళకు, పరమాణువు విజ్ఞానానికి గుర్తు. ఆ రూపానికి ఆయన భార్య డొరతీయే నమూనా. ఇదంతా 1948 నాటి మాట. ఆ ఏడాదే మార్చి 14న ఇక్కడ, మా మల్కాపురం పక్కనే ఉన్న సింధియా యార్డులో, నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్ళలోకి దిగింది. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి ఆవిరి ఓడ. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ రోజు జనం ఎంత వచ్చారో ఇప్పటికీ చెబుతారు.

తొలి ఎమ్మీ సభ 1949 జనవరి 25న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. టికెట్ 5 డాలర్లు. మొట్టమొదటి బొమ్మ అందుకున్నది షర్లీ డిన్స్‌డేల్. పెదవి కదపకుండా బొమ్మ చేత మాట్లాడించే కళాకారిణి ఆమె.

*

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. 'ఎమ్మీ' అని పేపర్లో కనపడగానే అన్నీ ఒకటే అనుకుంటారు. సెప్టెంబర్‌లో వార్తల్లోకొచ్చే ప్రైమ్ టైమ్ ఎమ్మీలు అమెరికా కార్యక్రమాలవి. మనలాంటి దేశాల వాటికి అంతర్జాతీయ ఎమ్మీలు. వాటిని ఇచ్చే అకాడమీ వేరు, 1969లో న్యూయార్క్‌లో పెట్టారు. సభలు 1973 నుంచి జరుగుతున్నాయి. నామినేషన్లు సెప్టెంబర్ చివర్లో వస్తాయి, విజేతలను నవంబర్‌లో ప్రకటిస్తారు. వేరువేరు దేశాల జ్యూరీలు దశలవారీగా వడపోస్తాయి. ఏ భాషలో తీసినా సరే. తెలుగులో తీసినదీ సరే. తెలుగు సిరీస్‌కి ఇంతవరకు అవార్డు రాలేదు.

*

మన దేశానికి తొలి డ్రామా అవార్డు తెచ్చింది 'ఢిల్లీ క్రైమ్', 2020లో. కోవిడ్ రోజులు కాబట్టి ప్రేక్షకులు లేని హాల్లోంచి రిచర్డ్ కైండ్ సభ నడిపించాడు. దర్శకుడు రిచీ మెహతా. 2012 డిసెంబర్ నాటి నిర్భయ కేసును పోలీసులు ఛేదించిన రోజుల కథ. డీసీపీ వర్తికా చతుర్వేదిగా షెఫాలీ షా నటన చూశాక, డ్యూటీలో ఉన్న ఆడపోలీసుని మునుపటిలా చూడలేం. ఆ దారుణాన్ని తెర మీద చూపించకుండా, దాని బరువంతా మన మీద పెట్టడం ఆ సిరీస్ గొప్పతనం. నేరం మీద సిరీస్ తీయాలనుకునే మన రచయితలు ఆ ఒక్క సంయమనం కోసమైనా దాన్ని మళ్ళీ చూడాలి.

రెండో సీజన్‌కు 2023లో షెఫాలీ షా ఉత్తమ నటిగా నామినేట్ అయ్యారు. అవార్డు మెక్సికో నటి కార్లా సౌసాకి వెళ్ళింది.

*

ఇప్పుడు తెలుగు దారాలు పట్టుకుందాం. ఎమ్మీ జాబితాలో హిందీ పేర్లే కనపడతాయి గానీ, ఒక్కొక్కరిని తట్టి చూస్తే తెలుగు గుమ్మం తొక్కినవాళ్ళు ఎందరో.

'నైట్ మేనేజర్'లో ఆయుధాల వ్యాపారి షెల్లీ రుంగ్టాగా వేసిన అనిల్ కపూర్ తొలిసారి హీరోగా కనపడింది తెలుగులోనే. బాపు గారి 'వంశవృక్షం', 1980. భైరప్ప కన్నడ నవల దానికి ఆధారం. హిందీలో పేరు రాకముందే మన బాపు ఆ కుర్రాడిలో హీరోని చూశారు. నలభై నాలుగేళ్ళ తర్వాత అతని సిరీస్ న్యూయార్క్ సభకు వెళ్ళింది.

2019లో ఉత్తమ నటి విభాగంలో 'లస్ట్ స్టోరీస్'కు నామినేట్ అయిన రాధికా ఆప్టే, బాలకృష్ణ 'లెజెండ్'లో చూసిన రాధికా ఆప్టేనే. 'రక్త చరిత్ర'లోనూ ఉంది. ఆమెను దాటి గెలిచింది హంగరీ నటి మరీనా గెరా. 2021లో 'సీరియస్ మెన్'కు ఉత్తమ నటుడిగా నామినేట్ అయిన నవాజుద్దీన్ సిద్దిఖీ తర్వాత వెంకటేశ్‌తో 'సైంధవ్' చేశాడు. జిమ్ సర్భ్ 2025లో శేఖర్ కమ్ముల 'కుబేర'లో కనపడ్డాడు.

అదే 2021లో డ్రామా విభాగంలో నామినేట్ అయిన 'ఆర్య'ని సుస్మితా సేన్ తన భుజాల మీద మోసింది. ఆమె బెంగాలీ అమ్మాయే, కానీ పుట్టింది హైదరాబాద్‌లో. నాగార్జున 'రక్షకుడు'లో ఆమెని మనవాళ్ళు చూశారు. ఆ ఏడాది డ్రామా అవార్డు ఇజ్రాయెల్ 'టెహరాన్'కి దక్కింది. 'ఆర్య'ని రూపొందించిన వారిలో ఒకరైన సందీప్ మోదీయే తర్వాత 'నైట్ మేనేజర్' చేశాడు. రెండింటికీ మూలం బయటి కథలే. 'ఆర్య'ది డచ్ సిరీస్, రెండోది జాన్ లె కారే 1993 నవల. బయటి కథను తెచ్చుకుని మన ఇంటి మనుషుల్ని అందులో కూర్చోబెట్టడం కూడా ఒక విద్యే, దాన్ని ప్రపంచం గుర్తించింది.

*

'లస్ట్ స్టోరీస్' దారి మన ఊరి సముద్రం దాకా వస్తుంది. నలుగురు దర్శకులు తలో చిన్న కథ తీసి ఒకటిగా గుచ్చిన చిత్రమది. టీవీ చిత్రం, మినీ సిరీస్ విభాగంలోనూ నామినేట్ అయింది. దాన్ని నిర్మించిన ఆర్ఎస్‌వీపీ సంస్థే అదే పద్ధతిలో తెలుగులో 'పిట్ట కథలు' నిర్మించింది. 2021 ఫిబ్రవరిలో వచ్చింది. తరుణ్ భాస్కర్, నందినీ రెడ్డి, నాగ్ అశ్విన్, సంకల్ప్ రెడ్డి దర్శకులు. ఆ చివరి పేరు విశాఖవాళ్ళకు కొత్త కాదు. 1971 యుద్ధంలో మన హార్బరు బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథతో 'ఘాజీ' తీసింది ఆయనే. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. యారాడ కొండ ఎక్కి చూస్తే, ఆ జలాంతర్గామి శకలాలు పడుకున్న సముద్రం కళ్ళెదుటే.

*

సీరియల్ ప్రియులకు ఒకటి. అంతర్జాతీయ ఎమ్మీల్లో 'టెలినోవెలా'కి ప్రత్యేక విభాగం ఉంది. లాటిన్ అమెరికా దేశాల్లో రోజూ రాత్రి వచ్చే సీరియళ్ళ పేరు అది. 2009లో ఆ అవార్డు గెలిచిన బ్రెజిల్ సీరియల్ పేరు 'కమీన్యో దాస్ ఇందియాస్'. కథ జరిగేది మన దేశంలో! బ్రెజిల్ నటులే చీరలు కట్టి, బొట్లు పెట్టి, కులం అడ్డొచ్చిన ప్రేమకథ నడిపించారు. జులియానా పయెస్ నాయిక, గ్లోరియా పెరెజ్ రచయిత్రి. 'అరే బాబా' అన్న మాట ఆ రోజుల్లో బ్రెజిల్ వీధుల్లో అందరి నోటా ఆడింది.

ఆ సీరియల్ రెండొందల పైచిలుకు భాగాల్లో ముగిసింది. టెలినోవెలాకి మన సీరియల్‌కి అసలు తేడా అదే. వాళ్ళది ముగింపు ముందే అనుకుని మొదలుపెట్టిన కథ. మన ఈటీవీ 'అభిషేకం' 2008లో మొదలై 2022లో ముగిసేసరికి నాలుగు వేల భాగాలు. దాన్ని చూస్తూ పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు హైస్కూలుకొచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఏ జ్యూరీకీ అందని బంధం అది. తుర్కియే 'కారా సెవ్దా' 2017లోనూ, కొరియా 'ది కింగ్స్ అఫెక్షన్' 2022లోనూ ఇదే విభాగంలో గెలిచాయి. రోజువారీ సీరియల్ చిన్నచూపు చూడవలసిన సరుకు కాదని ఈ జాబితా చూస్తే తెలుస్తుంది.

*

పోటీ లేకుండా అకాడమీ తనంతట తాను ఇచ్చే గౌరవాలు రెండు. అందులో డైరెక్టరేట్ అవార్డు 2011లో జీ టీవీ సుభాష్ చంద్రకు, 2023లో ఏక్తా కపూర్‌కు దక్కింది. ఏక్తా సంస్థ బాలాజీ టెలీఫిలిమ్స్ తెలుగులోనూ సీరియళ్ళు తీసింది. రెండోది ఫౌండర్స్ అవార్డు. కోవిడ్ రోజుల్లో రోజూ టీవీలో ప్రజలతో మాట్లాడినందుకు న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ కూమోకి 2020లో దీన్ని ఇచ్చారు. లైంగిక వేధింపుల ఆరోపణలతో పదవి వదిలాక 2021 ఆగస్టులో వెనక్కి తీసేసుకున్నారు.

*

వీర్ దాస్ 2023లో 'ల్యాండింగ్' అనే ఒంటిమనిషి హాస్య ప్రదర్శనకు కామెడీ అవార్డు గెలిచాడు. ఒక్కడే కాదు, ఉత్తర ఐర్లాండ్ పిల్లల కథ 'డెర్రీ గర్ల్స్'తో సమానంగా. మరుసటి ఏడాది, శోభిత సిరీస్ పోటీలో ఉన్న ఆ రాత్రి, సభను నడిపింది కూడా వీర్ దాసే. ఆ వేదికకు భారతీయుడు వ్యాఖ్యాతగా నిలబడటం అదే మొదలు. అదే రాత్రి ఉత్తమ నటి అవార్డు థాయ్‌లాండ్‌కి వెళ్ళింది. నూడుల్స్ కొట్లో పెరిగిన వంటపిల్లగా 'హంగర్'లో చేసిన చుతిమోన్‌కి. మనలాగే పొయ్యి సెగ తెలిసిన దేశం గెలిస్తే సంతోషమే.

*

సినిమా టీవీ ఎప్పుడవుతుంది? హాల్లోకి రాకుండా నేరుగా ఓటీటీలోకి వచ్చినప్పుడు. అందుకే ఇంతియాజ్ అలీ 'అమర్ సింగ్ చమ్కీలా' 2025లో ఇక్కడ రెండు నామినేషన్లు అందుకుంది. ఉత్తమ నటుడిగా దిల్‌జీత్ దోసాంజ్ పోటీపడితే, స్పెయిన్ నటుడు ఓరియోల్ ప్లా గెలిచాడు.

ఎమ్మీ కాదు గానీ, అదే ఏడాది ఫిబ్రవరిలో జరిగిన అమెరికా క్రిటిక్స్ ఛాయిస్ అవార్డుల్లో ఉత్తమ విదేశీ భాషా సిరీస్‌గా 'సిటాడెల్: హనీ బన్నీ' నామినేట్ అయింది. తీసింది రాజ్, డీకే. ఇద్దరూ మన చిత్తూరు జిల్లా వాళ్ళు, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు. సమంత నాయిక. గెలిచింది 'స్క్విడ్ గేమ్'.

*

ఎమ్మీని నిజంగా ఇంటికి తీసుకెళ్ళిన తెలుగు బిడ్డ గురించి చెప్పకుండా ఉండలేను. ఉమా పెమ్మరాజు. పుట్టింది రాజమండ్రిలో, పెరిగింది టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో. టీవీ రిపోర్టరుగా మొదలై, బాల్టిమోర్, బోస్టన్‌లలో పేరు తెచ్చుకుని, 1996లో ఫాక్స్ న్యూస్ ఛానల్ మొదలైనప్పుడు తొలి యాంకర్లలో ఒకరయ్యారు. పరిశోధనాత్మక వార్తలకు అమెరికాలో ఎమ్మీలు అందుకున్నారు. 2022 ఆగస్టులో కన్నుమూశారు. అమెరికా వార్తల బల్ల ముందు భారతీయ ముఖం అరుదైన రోజుల్లో, 'పెమ్మరాజు' అన్న ఇంటిపేరు మార్చుకోకుండా, కుదించకుండా, తెర మీద అలాగే ఉంచారామె.

*

చివరిది కంటికి కనపడని విశేషం. 1974 జనవరిలో నాసిర్ అహ్మద్, నటరాజన్, కామిశెట్టి రామమోహన్ రావు కలిసి ఒక పరిశోధన పత్రం వేశారు. పేరు 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్'. రావు గారు టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలు పాఠం చెప్పిన ప్రొఫెసర్. పని ఇదీ: బొమ్మను చిన్నచిన్న గళ్ళుగా విడగొట్టాలి. ఒక్కో గడిలో నెమ్మదిగా మారే వెలుగునీడలెంత, గబగబా మారేవెంత అని లెక్కకట్టాలి. మన కన్ను పట్టించుకోని సన్నటి తేడాలను వదిలేయాలి. మిగిలినదాన్ని పంపితే చాలు, అవతల బొమ్మ మళ్ళీ నిలబడుతుంది. పదుల రెట్లు తక్కువ సరుకుతో అదే ముఖం, అదే చూపు. ఫోటోల జేపెగ్, వీడియోల ఎంపెగ్, హెచ్.264 అన్నీ ఈ లెక్క మీద కట్టినవే. హెచ్.264కి 2008లోనూ, జేపెగ్‌కి 2019లోనూ అమెరికా టెలివిజన్ అకాడమీ ఇంజనీరింగ్ ఎమ్మీలు ఇచ్చింది. రావు గారు 2021 జనవరిలో వెళ్ళిపోయారు.

ఆ మంగళవారం పొద్దున పిన్ని నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, శోభిత కావేరిగా నడిచొచ్చే ముక్క ఒకటి చూసింది. సింధియా రోడ్డు మీద షిఫ్టు బస్సులు హారన్లు కొడుతున్నాయి, సిగ్నల్ అంతంతమాత్రం. అయినా బొమ్మ ఆగలేదు. "ఎంత బావుందమ్మా పిల్ల" అని, ఇంకోసారి పెట్టమంది.